నర్సింగ్ చదువుకు ఎవరు సిద్ధంగా ఉన్నట్టు?

మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి, గ్రూప్స్ పరీక్షల గురించి, స్పోకెన్ ఇంగ్లీషు గురించి వ్యాసాలు వస్తుంటాయి. నర్సింగ్ చదువు గురించి వివరంగా వచ్చినవి తక్కువ. నిజానికి ఇంటర్ అయిపోగానే ఏఎన్‌ఎంలోనో, జీఎన్‌ఎంలోనో, బీఎస్సీ నర్సింగ్‌లోనో చేరే చెల్లెళ్లు మన హాస్టలులో ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లలో కొందరు మొదటి సంవత్సరం సగంలోనే ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేస్తారు. "ఆ పిల్ల ఆ చదువుకు పనికిరాలేదట", "ఇంగ్లీషు రాదు కదా, ఎట్లా చదువుతుంది" అని ఊళ్లో నలుగురూ అనుకుంటారు, అంతటితో ఆ మాట ముగిసిపోతుంది. అసలు ఒక విద్యార్థి ఒక చదువుకు సిద్ధంగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? దాన్ని తేల్చేది ఎవరు? ఇంటర్ మార్కుల మెమోనా, మొదటి నెల క్లాసులో మాట్లాడిన ఇంగ్లీషా?

మేము ఈ హాస్టలులోనే ఉండి ఇంటర్ చదివి, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, ఒక ఏడాది వార్డులో పనిచేసి, ఇప్పుడు ఎంఎస్సీ నర్సింగ్ చదువుతున్నాం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి తరం మేమే. ఎంఎస్సీ మొదటి సంవత్సరంలో 'నర్సింగ్ ఎడ్యుకేషన్' అని ఒక పేపరు ఉంటుంది. కాబోయే నర్సులకు పాఠం ఎలా చెప్పాలో అందులో నేర్పుతారు. ఆ పేపరులో 'వయోజన అభ్యాసకులు', 'నేర్చుకోవడానికి సంసిద్ధత' అనే పాఠాలు చదువుతున్నప్పుడు, ఇవి టీచర్లకే కాదు, చదువులో చేరబోయే వాళ్లకూ తెలిసి ఉంటే బాగుండు అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఒకే బెంచీ మీద

ఏఎన్‌ఎం కోర్సులో చేరడానికి భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన వయసు 17 నుంచి 35 సంవత్సరాలు. జీఎన్‌ఎంకు కూడా అంతే. అంటే నిబంధనల ప్రకారమే 17 ఏళ్ల అమ్మాయి, 34 ఏళ్ల తల్లి ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. జీఎన్‌ఎం చేసి ఉద్యోగం చేస్తున్నవాళ్లు చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ క్లాసుకు వెళితే, పదో తరగతి చదివే పిల్లలున్న సిస్టర్లు కూడా నోట్సు రాసుకుంటూ కనిపిస్తారు.

వయసు ఒక్కటే తేడా కాదు. బైపీసీ చదివి వచ్చినవాళ్లు ఉంటారు. జీఎన్‌ఎంకు సైన్సు గ్రూపే ఉండాలన్న నిబంధన లేదు కాబట్టి సీఈసీ, హెచ్‌ఈసీ చదివినవాళ్లూ ఉంటారు. పెళ్లయ్యాక పదేళ్లకు మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు, భర్త పోయాక ఏదో ఒక ఆధారం కావాలని వచ్చినవాళ్లు, ఆసుపత్రిలో ఆయాగా చేసి 'మనమూ సిస్టర్ కావాలి' అనుకుని వచ్చినవాళ్లు ఉంటారు. ఏజెన్సీ నుంచి వచ్చిన కోయ, గోండు అమ్మాయిలకు ఇంటి భాష వేరు, తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. బీఎస్సీలో వెనక బెంచీలో ఇద్దరో ముగ్గురో అబ్బాయిలు ఉంటారు. నర్సింగ్‌లో చేరామని ఊళ్లో చెప్పుకోవడానికి వాళ్లు పడే మొహమాటం వేరే కథ.

ఇంతమందికి ఒకే టైంటేబుల్, ఒకే పాఠం, ఒకే ఇంటర్నల్ పరీక్ష.

పెద్దవాళ్లు చదువుకోవడం నర్సింగ్‌లో కొత్తగా వచ్చింది కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుతో శిక్షణ పాఠశాల మొదలైనప్పుడు, చేరేవారికి 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు ఉంటే మంచిదని పెట్టుకున్నారు. ఆధునిక నర్సింగ్ చదువు పెద్దవాళ్ల చదువుగానే పుట్టిందన్నమాట. అక్కడ కూడా తరువాతి కాలంలో సాధారణ కుటుంబాల నుంచి వచ్చిన మామూలు ప్రొబేషనర్లు, సొంత డబ్బు కట్టుకుని వచ్చిన 'లేడీ ప్రొబేషనర్లు' అని రెండు రకాలు ఉండేవారు. క్లాసులో తేడాలు అప్పుడూ ఉన్నాయి.

మన తెలుగువాళ్లలో ఈ విషయం ముందుగా గ్రహించిన వ్యక్తి దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ పెళ్లి నుంచి బయటికి వచ్చి, స్వాతంత్య్రోద్యమంలో జైలుకు వెళ్లి వచ్చాక, పెద్దయ్యాకనే బనారస్ మెట్రిక్యులేషన్‌కు కట్టి పాసయ్యారు. తరువాత డిగ్రీ, ఆ తరువాత లా చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ బోర్డు 1958లో పెద్ద వయసు మహిళల కోసం సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల చేత తక్కువ కాలంలో స్కూలు చదువు పూర్తిచేయించి, టీచర్లుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా శిక్షణ పొందే అర్హత కల్పించడం వాటి ఉద్దేశం. ముప్పై ఏళ్ల తల్లి ఏఎన్‌ఎంలో చేరితే నవ్వేవాళ్లకు ఈ చరిత్ర చెప్పాలి.

'నువ్వు', 'మీరు'

పిల్లలకు చెప్పే పద్ధతిని పెడగోజీ అంటారు. గ్రీకు భాషలో పిల్లవాడు, నడిపించడం అనే రెండు మాటల నుంచి వచ్చింది. పెద్దలకు చెప్పే పద్ధతికి ఆండ్రగోజీ అని పేరు. ఈ మాటను 1833లో అలెగ్జాండర్ కాప్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు వాడినా, దానికి ప్రచారం తెచ్చింది అమెరికాకు చెందిన మాల్కం నోల్స్. 1970లో వచ్చిన తన పుస్తకానికి ఆయన పెట్టిన ఉపశీర్షికలో ఆండ్రగోజీని పెడగోజీకి పోటీగా నిలబెట్టారు. 1980లో మళ్లీ అచ్చువేసినప్పుడు ఆ ఉపశీర్షికను 'పెడగోజీ నుంచి ఆండ్రగోజీకి' అని మార్చారు. అంటే ఇవి రెండు గోడలు కావు, ఒకే దారిలో రెండు కొసలు అని ఆయనే ఒప్పుకున్నారు. పరీక్షల కోసం చదివే గైడ్లలో ఈ సంగతి ఉండదు. రెండు నిలువు వరుసలు గీసి, ఇటు పిల్లలు, అటు పెద్దలు అని తేడాలు రాసి పెడతారు.

నోల్స్ చెప్పిన ముఖ్యమైన విషయాలు ఆరు. పెద్దవాళ్లకు 'ఇది ఎందుకు నేర్చుకోవాలి' అని ముందు తెలియాలి. తమ పని తాము చూసుకోగల మనుషులుగా తమను చూడాలని కోరుకుంటారు. వెంట అనుభవం తెచ్చుకుంటారు. బతుకులో అవసరం వచ్చినప్పుడు నేర్చుకోవడానికి సిద్ధమవుతారు. సబ్జెక్టు కోసం కాకుండా సమస్య తీరడం కోసం చదువుతారు. మార్కుల కంటే, భయం కంటే లోపలి పట్టుదల వాళ్లను ఎక్కువగా నడిపిస్తుంది. ఇవి అందరికీ అన్నిచోట్లా వర్తించవని తరువాత చాలామంది విమర్శించారు. ఆ విమర్శలోనూ నిజముంది. 18 ఏళ్ల అమ్మాయి పుస్తకాల ప్రకారం పెద్దదే, కానీ ఆమెను నర్సింగ్‌లో చేర్చాలని నిర్ణయించింది నాన్నో, మేనమామో కావచ్చు.

ఈ ఆరింటిలో రెండవది, అంటే తమను తాము ఎలా చూసుకుంటారన్నది, మన తెలుగులో ఒక్క మాటతో తేలిపోతుంది. ట్యూటర్ మేడంకు 24 ఏళ్లు, విద్యార్థికి 34 ఏళ్లు అనుకోండి. మేడం ఆమెను "నువ్వు లే, నువ్వు చెప్పు" అంటే క్లాసు మొత్తానికి ఒక సంగతి అర్థమవుతుంది. "మీరు చెప్పండి" అంటే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఊళ్లో పదిమంది చేత 'అక్కా', 'వదినా' అనిపించుకుని, డ్వాక్రా సంఘం లెక్కలు రాసి, పిల్లల ఫీజులు కట్టిన మనిషిని, మెదడులోని భాగాల పేర్లు చెప్పలేదని నిలబెట్టినప్పుడు ఆమెకు కలిగే బాధ ఆ పాఠం రాకపోవడం వల్ల కాదు. ఇంటర్ నుంచి నేరుగా వచ్చిన అమ్మాయికి నిలబడటం అలవాటే. ఆమెకు అలవాటు తప్పి చాలా ఏళ్లయింది. మరునాడు ఆమె క్లాసుకు రాకపోతే "ఆసక్తి లేదు" అని రిజిస్టరులో రాసుకుంటారు.

అనుభవం సంగతి ఇంకా చిక్కు. అది చదువుకు బలం, ఒక్కోసారి అడ్డం కూడా. బిడ్డ పుట్టగానే ముర్రుపాలు పట్టించడం గురించి పాఠం చెబుతుంటే, ఇద్దరు పిల్లల తల్లి అయిన విద్యార్థికి ఉన్నంత అవగాహన మిగతా క్లాసుకు ఉండదు. బిడ్డ రొమ్ము సరిగా పట్టిందో లేదో ఆమె దూరం నుంచే చెప్పగలదు. అదే మనిషి, బొడ్డుకు పసుపో నూనెనో రాయకుండా పొడిగా వదిలేయాలి అంటే లోలోపల ఒప్పుకోదు. మా ఇంట్లో అందరికీ రాశాం, ఏమైంది అంటుంది. ఆయాగా చేసి వచ్చిన అక్కకు మంచం మీద రోగిని పక్కకు తిప్పడం ఎంతో నేర్పుగా వస్తుంది. కానీ వాడిన సూదికి రెండు చేతులతో మళ్లీ మూత పెట్టే అలవాటు కూడా ఆమెతోనే వస్తుంది. దాని వల్ల సూది గుచ్చుకుని హెపటైటిస్ బి, హెచ్‌ఐవి వంటివి సోకే ప్రమాదముంది. ఈ అలవాటు మానిపించాలంటే, ముందు ఆమెకు వచ్చిన పనిని నలుగురిలో ఒప్పుకోవాలి. "మీకు వచ్చినదంతా తప్పు" అంటూ మొదలుపెడితే పేపరు మీద సరైన జవాబు రాస్తుంది, వార్డులో పాత పద్ధతే చేస్తుంది.

రోగిని అడిగే నాలుగు ప్రశ్నలు

ఇప్పుడు సంసిద్ధత దగ్గరికి వద్దాం. రాబర్ట్ హావిగ్‌హర్స్ట్ అనే అమెరికన్ విద్యావేత్త, మనిషి జీవితంలో ఒక్కో దశకు ఒక్కో పని ఉంటుందనీ, ఆ పని ఎదురైనప్పుడు దానికి కావలసినది నేర్చుకోవడం తేలికవుతుందనీ చెప్పారు. దాన్ని నేర్పదగిన సమయం అంటారు. కాన్పు పాఠం క్లాసులో వంద పేజీలు చదివినా ఎక్కనిది, లేబర్ రూంలో మొదటి డ్యూటీ పడిన రోజు సాయంత్రం తెరిస్తే రెండు గంటల్లో ఎక్కుతుంది. పుస్తకం అదే, చదివే మనిషి అదే, మారింది అవసరం.

నర్సు పని సగం నేర్పించడమే. డిశ్చార్జి అయ్యే రోగికి మందులు, కట్టు, తిండి, జాగ్రత్తలు చెప్పాలి. చెప్పే ముందు రోగి వినడానికి సిద్ధంగా ఉన్నాడా అని నాలుగు వైపుల నుంచి చూడాలని నర్సింగ్ పుస్తకాలు చెబుతాయి. శరీరం, మనసు, అనుభవం, తెలివిడి. 1990లో లిక్టెన్‌థాల్ చెప్పిన ఈ విభజనను నర్సింగ్ బోధన పుస్తకాలు ఇప్పటికీ వాడుతున్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షుగరు ఎక్కువై చేరిన యాభై ఏళ్ల పెద్దమ్మకు రేపు డిశ్చార్జి. ఇంటి దగ్గర ఇన్సులిన్ తానే వేసుకోవాలి. మొదట శరీరం: సిరంజి మీద సన్నటి గీతలు ఆమె కంటికి కనిపిస్తున్నాయా, చేతులు వణుకుతున్నాయా? తరువాత మనసు: "ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక ఆఖరే" అని భయపడుతోందా? ఆ భయం తీరకుండా చెప్పింది చెవికి ఎక్కదు. అనుభవం: ఇంట్లో ఎవరికైనా ఇలా సూది వేయడం చూసిందా? వాళ్లకు కాలు తీసేస్తే, అది ఇన్సులిన్ వల్లే అనుకుంటోందా? ఇక తెలివిడి: అంకెలు చదవగలదా? ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. 40కి ఎర్ర మూత సిరంజి, 100కు నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 10 కాదు, 25 యూనిట్లు. షుగరు ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాన్నలు ఇన్సులిన్ వాడుతుంటే ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు సీసా మీద అంకె, సిరంజి మూత రంగు ఒకసారి చూడండి.

ఈ నాలుగూ చూసుకోకుండా గడగడా చెప్పేసి, "అర్థమైందా అమ్మా?" అని అడిగి, ఆమె తల ఊపగానే సంతకం చేసి వెళ్లిపోతే అది నేర్పినట్టు కాదని మాకు క్లాసులో గట్టిగా చెబుతారు. ఆమె చేత ఒకసారి చేయించి చూడాలి అంటారు. బాగుంది. కానీ అదే క్లాసులో, అదే రోజు, విద్యార్థులను ఈ నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లు అరుదు. రోగికి చూపించే ఓపిక విద్యార్థికి ఎందుకు చూపించరు? మాకు ఈ పేపరు చదివినప్పటి నుంచి వదలని ప్రశ్న ఇదే.

విద్యార్థికి అవే ప్రశ్నలు వేసి చూడండి. శరీరం: రాత్రి డ్యూటీ చేసి, టిఫిన్ అయిపోయాక మెస్సుకు చేరి, ఖాళీ కడుపుతో తొమ్మిది గంటల క్లాసులో కూర్చున్న అమ్మాయి నిద్రపోతే అది బద్ధకమా? రక్తహీనత గురించి పాఠం చెప్పే క్లాసులోనే రక్తం తక్కువున్న అమ్మాయిలు ఉంటారు. మనసు: మొదటిసారి చావును దగ్గరగా చూసిన రోజు, మొదటిసారి పరాయి మగవాడికి స్పంజి బాత్ చేయాల్సి వచ్చిన రోజు ఆమెతో ఎవరైనా మాట్లాడారా? "ఏ హాస్టలు నుంచి వచ్చావు?" అని తోటివాళ్లు అడిగే ప్రశ్న వెనక ఏ ప్రశ్న ఉందో మనకు వేరే చెప్పనక్కరలేదు. దానికి జవాబు చెప్పుకుంటూ గడిపిన మొదటి నెలలో అనాటమీ ఎంత ఎక్కుతుంది? అనుభవం సంగతి పైన చెప్పాం. ఇక తెలివిడి. ఒక్కొక్క అంశంలో ఒక్కో విద్యార్థి ముందుంటుంది. 500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది అయితే నిమిషానికి ఎన్ని చుక్కలు? 500ని 20తో హెచ్చించి, 480 నిమిషాలతో భాగిస్తే దాదాపు 21. ఇది ఏడో తరగతి లెక్క. డ్వాక్రా వడ్డీలు కట్టిన అక్క నోటితో చెప్పేస్తుంది, బైపీసీలో తొంభై శాతం తెచ్చుకున్న అమ్మాయి ఫోన్‌లో కాలిక్యులేటర్ వెతుకుతుంది.

అంటే సంసిద్ధత అనేది విద్యార్థికి మొత్తంగా ఉండేదో లేకపోయేదో కాదు. ఏ పనికి సిద్ధం, ఏ పనికి ఇంకా కాదు, కాకపోవడానికి అడ్డుపడుతున్నది ఏమిటి అని విడివిడిగా అడగాలి. అలా అడిగితే "పనికిరాదు" అనే మాటకు చోటుండదు. దాని బదులు "లెక్క వచ్చు, ప్రశ్న చదివితే అర్థం కావడం లేదు" అనో, "పని వచ్చు, పాత అలవాటు మారాలి" అనో తేలుతుంది. అలా తేలినదానికి మందు ఉంటుంది.

ఇంగ్లీషు అనే గోడ

మనవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఇంగ్లీషు అని అందరూ ఒక్క మాటగా అనేదానిలో మూడు వేర్వేరు విషయాలున్నాయి.

మొదటిది వైద్య పదాలు. నెఫ్రైటిస్, అపెండిసెక్టమీ, టాకీకార్డియా వంటివి గ్రీకు, లాటిన్ ముక్కలతో తయారైనవి. కాన్వెంటులో చదివిన అమ్మాయికి కూడా ఇవి కొత్తే. చివర 'ఐటిస్' ఉంటే వాపు, 'ఎక్టమీ' ఉంటే తీసేయడం, ముందు 'టాకీ' ఉంటే వేగం, 'బ్రాడీ' ఉంటే నెమ్మది. ఇలాంటి ముక్కలు వందో నూటయాభయ్యో వస్తే వేల పదాలు విడదీసి చదువుకోవచ్చు. మందుల చీటీలో బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఇవీ లాటినే. ఇక్కడ అందరూ ఒకే గీత మీద నిలబడి పరుగు మొదలుపెడతారు. తెలుగు మీడియం అని వెనక్కి తగ్గే అవసరం లేదు.

రెండవది ఆ పదాలను కలిపే మామూలు ఇంగ్లీషు. అసలు తేడా ఇక్కడుంది. పరీక్షలో 'ఎన్యూమరేట్' అంటే పేర్లు వరుసగా రాస్తే చాలు. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే వివరించాలి. 'డిఫరెన్షియేట్' అంటే తేడాలు చెప్పాలి. 'జస్టిఫై' అంటే కారణం చూపాలి. ఈ పది, పదిహేను క్రియలు తెలియక, వచ్చిన జవాబును కూడా తప్పు రూపంలో రాసి మార్కులు పోగొట్టుకున్న వాళ్లను మేము చూశాం. 2021లో వచ్చిన కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఎనిమిది సెమిస్టర్లు ఉన్నాయి. కమ్యూనికేటివ్ ఇంగ్లీషు మొదటి సెమిస్టర్‌లో పెట్టారు. మంచిదే. కానీ అనాటమీ, ఫిజియాలజీ కూడా అదే సెమిస్టర్‌లో ఇంగ్లీషులో రాయాలి. ఈత నేర్పే క్లాసు, ఏరు దాటే పరీక్ష ఒకేసారి పెట్టినట్టుంటుంది. చేరకముందు దొరికే వేసవి రెండు నెలలు అందుకే విలువైనవి.

మూడవది రోగి భాష. ఇక్కడ గీత తిరగబడుతుంది. "కాళ్లు గుంజుతున్నయి", "కడుపులో దేవుతోంది", "గుండె దడదడమంటోంది", "అన్నం సయిస్తలేదు", "తిమ్మిర్లు పడుతున్నాయి" అని రోగి చెప్పినప్పుడు, అది ఏ లక్షణమో గుర్తించి కేసు షీటులో రాయడం పెద్ద నైపుణ్యం. ఇంగ్లీషు పుస్తకంలో ఈ మాటలు ఉండవు. ఊళ్లో పెరిగి, తెలంగాణ, ఆంధ్ర పలుకుబడులు రెండూ విన్న మన అమ్మాయిలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. ఏజెన్సీ నుంచి వచ్చిన రోగి కోయలో మాట్లాడితే వార్డు మొత్తం ఆ కోయ అమ్మాయి కోసం వెతుకుతుంది. నిన్నటిదాకా క్లాసులో ఆమె 'స్లో లెర్నర్'. దీనికి మార్కులు వేసే పద్ధతి మేము ఇంకా చూడలేదు, వేయాలని మాత్రం మా అభిప్రాయం.

గంట కొడితే లేవడం, తనంతట తాను లేవడం

పెద్దవాళ్లు తమ చదువును తామే నడుపుకుంటారు అని నోల్స్ అన్నారు కదా. దీన్ని కొలవడానికి 1977లో లూసీ గుల్యెల్మినో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 2001లో ఆస్ట్రేలియాకు చెందిన ఫిషర్, కింగ్, టేగ్ అనే ముగ్గురు నర్సింగ్ విద్యార్థుల కోసమే 40 ప్రశ్నలతో మరొకటి తయారుచేశారు. అందులో మూడు భాగాలు: తన సమయాన్ని, పనిని తాను సర్దుకోవడం, నేర్చుకోవాలనే కోరిక, తన మీద తనకు అదుపు.

హాస్టలు విద్యార్థులకు మొదటి భాగంలో మంచి మార్కులు వస్తాయని పైకి అనిపిస్తుంది. తెల్లవారుజామున లేస్తాం, మన బట్టలు మనమే ఉతుక్కుంటాం, స్టడీ అవర్‌లో కూర్చుంటాం. కానీ ఆ గంట కొట్టేది వాచ్‌మన్, స్టడీ అవర్ పెట్టేది వార్డెన్ గారు. గంట లేని చోటికి వెళ్లినప్పుడు చాలామందికి చదువు పట్టాలు తప్పుతుంది. ముగ్గురు పిల్లల తల్లికి గంట కొట్టేవాళ్లు ఎప్పుడూ లేరు. ఆమె వంటకు, డ్యూటీకి మధ్య దొరికిన ముప్పావుగంటలో చదవడం నేర్చుకుంది. ఈ విషయంలో ఆమె మనకంటే సిద్ధంగా ఉంది.

1991లో జెరాల్డ్ గ్రో అనే అధ్యాపకుడు దీనికి నాలుగు మెట్లు చెప్పారు. టీచరు మీద పూర్తిగా ఆధారపడే విద్యార్థి, ఆసక్తి కలిగిన విద్యార్థి, పాలుపంచుకునే విద్యార్థి, తనంతట తాను చదివే విద్యార్థి. టీచరు పద్ధతి విద్యార్థి మెట్టుకు సరిపోకపోతే ఇబ్బంది వస్తుందన్నారు. మొదటి మెట్టు మీదున్న అమ్మాయికి "మీరే లైబ్రరీకి వెళ్లి చదువుకుని సెమినార్ ఇవ్వండి" అంటే అది స్వేచ్ఛ కాదు, వదిలేయడం. పదేళ్లు ఐసీయూలో పనిచేసి పోస్ట్ బేసిక్‌కు వచ్చిన సిస్టర్‌కు థర్మామీటర్ పట్టుకోవడం గంటసేపు చెబితే అది అవమానం. అదే సిస్టర్‌ను మానసిక వైద్య విభాగంలో వేస్తే మళ్లీ మొదటి మెట్టు దగ్గర ఉండవచ్చు. ప్యాట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకంలో కొత్త నర్సు నుంచి నిపుణురాలి దాకా ఐదు దశలు చెబుతూ, అనుభవమున్న నర్సు కూడా తెలియని విభాగానికి వెళితే కొత్తదానిలాగే మొదలుపెడుతుందని గుర్తుచేశారు.

ఇక్కడ ఒక మాట. కొన్ని కాలేజీల్లో ఒక ఫారం నింపించి, నువ్వు చూసి నేర్చుకునేదానివి, నువ్వు విని నేర్చుకునేదానివి అని ముద్ర వేస్తారు. 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, అలాంటి ముద్రకు తగ్గట్టు పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. కాబట్టి ఆ ఫారంలో ఏమి వచ్చినా పట్టించుకోనక్కరలేదు. గుండె చప్పుడు వినే నేర్చుకోవాలి, పుండు చూసే నేర్చుకోవాలి, నాడి పట్టుకునే నేర్చుకోవాలి.

సిద్ధంగా ఉన్నా ఆగిపోయేవాళ్లు ఎందుకు ఆగిపోతారో కూడా చూడాలి. ప్యాట్రీషియా క్రాస్ 1981లో పెద్దల చదువుకు వచ్చే అడ్డంకులను మూడు రకాలుగా చెప్పారు. ఇంటి పరిస్థితులు, విద్యాసంస్థ పద్ధతులు, మనలోని సంకోచాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే "ముందు మీరు కట్టండి" అనే ఒత్తిడి అమ్మాయి మీద పడుతుంది. పాలు తాగే బిడ్డ ఉన్న తల్లికి వరుసగా రాత్రి డ్యూటీలు పడతాయి. ఇవి ఆమె తెలివికి సంబంధించినవి కావు. అయినా చివరికి ఆమె మానేసినప్పుడు మూడో రకం కారణమే, అంటే "నాకు రాదేమో" అన్నదే, అందరికీ కనిపిస్తుంది, ఆమెకు కూడా.

చేరబోయే చెల్లెళ్ల కోసం కొన్ని వివరాలు. బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్‌లో సైన్సు సబ్జెక్టులతో 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు ఉంది. కోర్సు నాలుగేళ్లు. ఆర్ట్స్ గ్రూపు వాళ్లకు జీఎన్‌ఎం దారి ఉంది, మూడేళ్లు. ఏఎన్‌ఎం రెండేళ్లు చేసి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లు తరువాత జీఎన్‌ఎంకు, అక్కడి నుంచి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీకి, ఆపైన ఎంఎస్సీకి వెళ్లవచ్చు. ఎంఎస్సీకి కనీసం ఏడాది ఉద్యోగ అనుభవం అడుగుతారు. తేదీలు, ప్రవేశ పద్ధతి ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు వేసవిలోనే తీసిపెట్టుకోండి.

మేము మొదటి సంవత్సరంలో రాసుకున్న పదాల నోటుబుక్కు ఒకటి హాస్టలు లైబ్రరీ బీరువాలో రెండో అరలో ఉంచాం. ముందు సగంలో గ్రీకు, లాటిన్ ముక్కలు, వెనక సగంలో పరీక్షల్లో అడిగే క్రియలు ఉన్నాయి. చివరి పదిహేను పేజీలు ఖాళీగా వదిలాం. రోగులు చెప్పే మాటలు మీ ఊరి పలుకులో, కోయ, గోండి, లంబాడీ తెలిసినవాళ్లు ఆ భాషల్లో, పక్కనే అర్థంతో అందులో రాయండి. వార్డెన్ మేడంకు చెప్పి తీసుకుని, చదివాక మళ్లీ అక్కడే పెట్టండి.